నంబింగ్ క్రీమ్ వెనక కథ: కంట్లో కొకైన్ చుక్కల నుంచి పులిపిరి దాకా

పులిపిరి తీయించుకునే ముందు రాసే నంబింగ్ క్రీమ్ ఉంది కదా, దాని వెనక పెద్ద కథే ఉంది.

1884, వియన్నా. కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టర్ కొకైన్ ద్రావణాన్ని ముందు కప్ప కంట్లో వేశాడు. తర్వాత తన కంట్లోనే వేసుకుని గుండుసూది తలతో తాకి చూశాడు. ఏమీ తెలియలేదు! ఆ సెప్టెంబర్‌లో జర్మనీలో కంటి డాక్టర్ల సభ జరిగింది. వెళ్లడానికి డబ్బుల్లేక తన పేపర్ ఇంకో డాక్టర్‌తో చదివించాడు.

న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ అదే మందుని తన మీద ఇంజెక్షన్లుగా పరీక్షించుకుంటూ దానికి బానిసైపోయాడు. నొప్పి తగ్గించే మందే మనిషిని పట్టుకుంది. అందుకే సేఫ్ మందు కోసం వెతుకులాట. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంట్ లుండ్‌క్విస్ట్ లిడోకెయిన్ తయారుచేశారు. లుండ్‌క్విస్ట్ కూడా తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. మనకు తెలిసిన జైలోకెయిన్ ఇదే.

ఇది చేసేదేంటంటే, నరంలో సోడియం దారులు మూసేస్తుంది. నొప్పి మెసేజ్ మెదడుకి వెళ్లదు. ఎర్రర్ అలాగే ఉంటుంది, అలర్ట్ మాత్రమే మ్యూట్ అవుతుంది. అసలు డేంజర్ ఇక్కడే. నొప్పి లేదు కదా అని ఇంట్లో బ్లేడుతో కోస్తే ఎంత లోతు తెగిందో తెలియదు. ఒళ్లంతా రాసి ప్లాస్టిక్ చుడితే మందు రక్తంలోకి ఎక్కి ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీమ్‌ని డాక్టర్ చెప్పినంత చోటే, చెప్పినంతసేపే ఉంచాలి. మామూలుగా గంట. అరికాలి చర్మం మందం, అక్కడ క్రీమ్ సరిగా పనిచేయదు.

ఇంకో మాట. క్రీమ్ పులిపిరిని తగ్గించదు. 1907లో ఇటలీలో చుఫ్ఫో అనే డాక్టర్ పులిపిరి రసాన్ని వడగట్టి ఎక్కించినా మళ్లీ పులిపిర్లు వచ్చాయి. అంటే కారణం వైరస్. గిల్లితే పాకుతుంది. సున్నం, సోడా పెడితే చర్మం కాలుతుంది.

చేతికో కాలికో వస్తే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడిన పైపొర మెల్లగా రుద్ది, సాలిసిలిక్ యాసిడ్ రోజూ రాయాలి. వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. లేదంటే డాక్టర్ మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. ముఖం మీద, మర్మాంగాల దగ్గర ఉన్నా, షుగర్ ఉన్నా సొంత వైద్యం వద్దు. నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

తమ ఒంటి మీద ప్రయోగాలు చేసుకుని వాళ్లు మనకి డోసు నేర్పించారు. మనం మళ్లీ మొదటి నుంచి ప్రయోగం చేయక్కర్లేదు.