ఇంజను కాదు, దాని భాగాలు

ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున, హెన్లీ పట్టణానికి దగ్గర్లో షిప్‌లేక్ కోర్ట్ అనే పెద్ద భవంతి ఉంది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి ఆవిరి యంత్రాల బాగోగులు చూసింది సిడ్నీ మార్మడ్యూక్ స్టువర్ట్ టర్నర్ అనే ఇంజనీరు. పగలంతా ఆవిరితో పని చేసినా ఆయనకు తనివి తీరినట్టు లేదు. 1898లో ఓ చిన్న ఆవిరి ఇంజనుకు తానే డ్రాయింగు గీసి, భాగాలు పోత పోయించి, లేత్ మీద వాటిని కొలతకు తెచ్చి బిగించాడు.

అదే ఏడాది పెర్సివల్ మార్షల్ 'మోడల్ ఇంజనీర్' పత్రిక మొదలుపెట్టాడు. టర్నర్ తన ఇంజను సంగతి అందులో రాశాడు. ఆ పోత భాగాలు మాకూ కావాలని పాఠకులు అడగసాగారు.

అడిగినవాళ్ల ఇళ్లలో లేత్ ఉంది, ఓపిక ఉంది. లేనిదల్లా ఇనుము కరిగించే కొలిమి. ఆ ఒక్క లోటూ టర్నర్ తీర్చాడు.

ఈ వ్యాపారం నిలవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. చిన్న ఇంజనులో ఖరీదైనది ఇనుము కాదు, మనిషి వెచ్చించే గంటలు. సిలిండరు లోపలంతా ఒకే కొలతలో తొలవాలి. పిస్టన్ దాన్లో ఆవిరి వదలనంత బిగువుగా ఉండాలి, అడ్డు లేకుండా జారాలి. ఆ గంటలన్నిటికీ కూలి కడితే కొనేవాడు దొరకడం కష్టం. టర్నర్ ఆ పనిని కొనేవాళ్లకే వదిలాడు. వాళ్లు కోరుకున్నదీ అదే. ఇటు చెక్క నమూనా ఒక్కసారి కుదిరితే దానితో ఎన్ని పోతలైనా పోయించవచ్చు. అది కుదరడం మాత్రం తేలిక కాదు. పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి ఒక పాలు దాకా కుంచించుకుపోతుంది, కాబట్టి నమూనా ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. అచ్చు కోసం ఇసుకలో పెట్టిన నమూనాను ఇసుక చెదరకుండా పైకి తీయడానికి దాని పక్కలు కాస్త వాలుగా ఉండాలి.

1906లో స్టువర్ట్ టర్నర్ లిమిటెడ్ ఏర్పడింది. మోటారుసైకిలు, పడవ ఇంజన్లు, పంపులు ఆ తర్వాత వచ్చాయి. అయినా అభిరుచిపరుల నోట బాగా నలిగిన పేరు '10వి' ఇంజనుది. దాని సిలిండరు వ్యాసం ముప్పావు అంగుళం, పిస్టన్ నడిచే దూరమూ అంతే. ఇంట్లో బల్ల మీద పట్టే లేత్‌కు సరిపోయే పని అది. చేయి తిరగనివాళ్లు కూడా ధైర్యంగా మొదలుపెట్టగలరు.

కంపెనీ ఇప్పుడు హెన్లీలో పంపులు చేస్తోంది. మోడల్ ఇంజన్ల పోత భాగాలు స్టువర్ట్ పేరుతోనే మరో సంస్థ అమ్ముతోంది.