సింగరాయకొండ: కొండనుండి కాలువదాక

మద్రాసు బెజవాడల నడుమ రైలులో పోవువారికి సింగరాయకొండ యొక పసుపుపచ్చని పేరుపలక. కందుకూరు పోవలసినవారు దిగుదురు. తక్కినవారు పలక చదివి మరల కన్నులు మూయుదురు. ఇందు వారి తప్పేమియు లేదు. ఈ యూరనే పుట్టి పెరిగి, యిరువదియేండ్లుగా నిచ్చట పిల్లలకు పాఠములు చెప్పుచున్న నేనును వారికంటె నెక్కువగా దీనిని చూచితినని చెప్పజాలను. ప్లాసీ యుద్ధము 1757లో జరిగినదనియు, ఫ్రెంచి విప్లవము 1789లో మొదలైనదనియు నిద్రలో లేపి యడిగినను చెప్పగలను. రెండేండ్ల క్రిందట తరగతిలో నొక బాలిక లేచి, "మాస్టారూ, మా యింటెనకాల కాలవుంది గదా, అదెవరు తవ్విచ్చారు?" అని యడిగినది. ఇంగ్లీషువారని మాత్రము చెప్పితిని. "ఎందుకు?" అని మరల నడిగినది. ఇంతలో గంట కొట్టిరి, బ్రతికితిని.

ఆ వారమునుండి యాదివారములందు పిల్లలను వెంటబెట్టుకొని యూరు చూడ బయలుదేరితిని. పెద్ద నగరములలో నిట్టి నడకలకు వారసత్వ నడకలని పేరు పెట్టి, చీట్లు పంచి, త్రోవ చూపువారిని నియమించుచున్నారు. మాకు నీళ్లసీసా, ఒక నోటుపుస్తకము చాలినవి. ఇది పరీక్షకు వచ్చునా యని కొందరు తండ్రులడిగిరి. ఎదిగిన యాడుపిల్లలను ఎండలో ఊరూర త్రిప్పుటేమని మరికొందరు గొణిగిరి. మూడవ వారమున నలుగురు తల్లులే మాతో నడచివచ్చిరి, గొణుగుడు మానిపోయినది.

మొదట కొండ యెక్కితిమి. సింగరాయడనగా నరసింహస్వామియే, సంస్కృతమున 'సింహ'మన్నది తెలుగున 'సింగ'మైనది. కొండపై వెలసినవాడు వరాహలక్ష్మీనరసింహస్వామి. మా సీమవాడేయని చెప్పుకొను ఎఱ్ఱాప్రెగ్గడ, పదునాలుగవ శతాబ్దమున అద్దంకి నేలిన ప్రోలయవేమారెడ్డి యాస్థానకవి, నృసింహపురాణము రచించెను. ఆయన యూరు గుడ్లూరని ప్రసిద్ధి. ఈ మాట చెప్పగానే యొక కుఱ్ఱవాడు, అట్లయిన ఆ పురాణము మన కొండను గూర్చినదే యని యుత్సాహపడెను. కాదు, అది అహోబిలమును గూర్చినది. ఊరి గౌరవముకొరకు గ్రంథమును తన గుమ్మములోనికి లాగుకొనుట మనవారికి పాత యలవాటు. పిల్లలకది మొదటనే మాన్పింపవలెనని నా తలపు.

దిగివచ్చుచు వారికి కావలి సోదరుల కథ చెప్పితిని. రెండువందల యేండ్లకు పూర్వము కర్నలు మెకంజీయను దొరవద్ద కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య యను తెలుగు సోదరులుండిరి. వీరును, వీరు తరిఫీదుచేసిన పరిచారకులును ఊరూర తిరిగి, కరణముల కవిలెకట్టలు చూచి, వృద్ధుల నడిగి గ్రామచరిత్రములు వ్రాయించిరి. మనము కైఫీయతులనునవి యవియే. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే మరణించెను. లక్ష్మయ్య 1821లో మెకంజీ చనిపోవువరకు ఆ పని సాగించెను. మన చరిత్రలో సగము పాదచారులు కూర్చిపెట్టినది. 1905లో బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా అచ్చువేయించిరి. అప్పుడు మా కందుకూరు తాలూకా నెల్లూరిలోనిది. ఒంగోలు కేంద్రముగా వేరు జిల్లా 1970లో గాని యేర్పడలేదు.

పిమ్మట కాలువ. ఊరికిని సముద్రమునకును నడుమ నున్న యీ బకింగుహాము కాలువకు ఉత్తరపుకొన పెదగంజాము, దక్షిణపుకొన తమిళదేశములోని మరక్కాణము. పొడవు 420 కిలోమీటర్లకు దగ్గర. పెదగంజామునుండి కొమ్మమూరు కాలువలోనికి, కృష్ణ దాటి ఏలూరు కాలువలోనికి, అటనుండి కాకినాడ వరకు పడవలు పోవుచుండెడివి. ఉప్పు, వంటచెఱకు, ధాన్యము ఈ నీటిమీదనే మద్రాసు చేరెడివి. 1899లో మద్రాసు బెజవాడల నడుమ రైలు నడువగనే సరకులు కొంత అటు మరలెను. లారీలు తక్కినది కాజేసెను. 2008లో ప్రభుత్వమువారు దీనిని జాతీయ జలమార్గములలో నాలుగవదానిలో చేర్చిరి గాని, మేము చూచిన చోట పడవ లేదు. గట్టునిండ సర్కారుతుమ్మ, నీటిలో ప్లాస్టిక్ సంచులు నున్నవి.

పెదగంజామునకు చేరువనే మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు 1244-45లో నచ్చట నొక శాసనస్తంభము నిలిపెను. గాలివానకు చిక్కి యొడ్డున పడిన యోడలలోని సరకును పూర్వపురాజులు బలాత్కారముగా లాగుకొనెడివారట. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు గైకొననని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, వీని పేర్లన్నియు ఆ రాతిమీద నున్నవి. 1358లో అనవోతారెడ్డి మరల నచ్చటనే వర్తకులకు శాసనము వేయించెను. రాజులు చేసిన మేలు రాతిమీద నిలిచినది. సంతోషమే.

ఈ కాలువకు మాత్రము రాయి లేదు, పేరు కలదు. ఆ పేరు 1875 మొదలు 1880 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన బకింగుహాము ప్రభువుది. ఆయన కాలముననే, 1876-78లో, ధాత కరవు వచ్చినది. మద్రాసులో అడయారు కూవము నదులను కలుపు అయిదుమైళ్ల తునకను తవ్వినవారు కరవుకూలీలు. కరవుపనులలో మగవాని దినకూలి 1877 ఆరంభమున తగ్గింపబడెను. ఆ తగ్గింపు సూచించిన సర్ రిచర్డు టెంపులు పేరనే అది చరిత్రకెక్కినది. ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకంటె తక్కువ, దానిపై నొక అణా! మన్ను మోయువానికిది చాలదని వైద్యుడు కార్నిషు గట్టిగా వాదించెను. కొన్నినెలలకు గాని కూలి పెరుగలేదు.

ఇది నేను గట్టుమీద కూర్చుండి పిల్లలకు చదివి వినిపించుచుండగా, మొదట ప్రశ్న యడిగిన బాలిక, "మా ముత్తవ్వ గూడా ధాత కరువంటది మాస్టారూ" అన్నది. ఇల్లు అచ్చటనే. ముసలమ్మకు తొంబదేండ్లుండును, చూపు మందగించినది, మాట స్పష్టముగా నున్నది.

"మా నాయన పడవకి తాడు కట్టి గట్టెమ్మడి లాగేవోడు నాయనా. గాలుంటే తెరచాప, లేకపోతే మడిసే. మా నాయనమ్మ ధాత కరువులో మన్ను మోసిందంట, అప్పటికి ఏడెనిమిదేళ్ల పిల్ల. యాడ మోసిందో ఆమెకే తెలీదు. గింజలిచ్చేవోళ్లంట, గంపకింతని."

అది ఈ కాలువమన్నో, మరియొక చెరువుమన్నో! తల్లులలో నొకామె కన్నులు తుడుచుకొన్నది. 2004 డిసెంబరు 26న ఉప్పెనయలలు వచ్చినపుడు ఈ కాలువ పొంగిన నీటిని తనలో నిముడ్చుకొని కొన్ని తీరపల్లెలను కాచెనని తరువాత పరిశీలించినవారు వ్రాసిరి. ఆ మాట ముసలమ్మకు చెప్పితిని. "కాపాడదా మరి, ఎంతమంది చెమటా!" అన్నది.

బాలిక నోటుపుస్తకమున మొదటిపుటలో "కాలువను ఎవరు తవ్వించిరి?" అని యుండెను. ఆమె 'తవ్వించిరి' కొట్టివేసి 'తవ్విరి' అని దిద్దుకొని, క్రింద తన ముత్తవ్వ చెప్పిన నాయనమ్మ పేరు వ్రాసినది. మజ్జిగ వచ్చినది. ముసలమ్మ పడవసరంగుల పేర్లు ఒకటొకటిగా చెప్పుచుండెను. పదునేడు వ్రాసికొనుసరికి వెలుతురు చాలక లేచితిమి.