గెలాక్సీలలో నక్షత్రోత్పత్తి రేటు

ఒక గెలాక్సీలోని వాయువు సంవత్సరానికి ఎంత ద్రవ్యరాశి మేరకు కొత్త నక్షత్రాలుగా మారుతున్నదో తెలిపే పరిమాణాన్ని నక్షత్రోత్పత్తి రేటు అంటారు. దీనిని సౌర ద్రవ్యరాశులలో చెబుతారు. పాలపుంతలో ఇది సంవత్సరానికి సుమారు 1 నుండి 2 సౌర ద్రవ్యరాశులు. దూరపు గెలాక్సీలలో నక్షత్రాలు విడివిడిగా కనబడవు. కనుక గెలాక్సీ మొత్తం నుండి వచ్చే కాంతిని బట్టి ఈ రేటును అంచనా వేయవలసి ఉంటుంది.

మూల సూత్రము

నక్షత్రపు ద్రవ్యరాశి ఎంత ఎక్కువైతే దాని ఆయుర్దాయం అంత తక్కువ. సూర్యుని వంటి నక్షత్రం సుమారు 1000 కోట్ల సంవత్సరాలు వెలుగుతుంది. సూర్యునికి 25 రెట్లు ద్రవ్యరాశి గల నక్షత్రం కోటి సంవత్సరాలైనా ఉండదు. అటువంటి నక్షత్రాల వెలుగు కనబడినచో అవి ఇటీవల పుట్టినవే అయి ఉండాలి. దాదాపు అన్ని పద్ధతులూ ఈ భారీ నక్షత్రాల జాడనే వెదుకుతాయి.

హెచ్-ఆల్ఫా, అతినీలలోహిత కాంతి

భారీ నక్షత్రాల తీక్షణ కిరణాలు చుట్టూ ఉన్న హైడ్రోజన్ వాయువును అయనీకరిస్తాయి. ఎలక్ట్రానులు తిరిగి ప్రోటానులతో కలిసేటప్పుడు 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రని హెచ్-ఆల్ఫా కాంతి వెలువడుతుంది. 1998లో రాబర్ట్ కెన్నికట్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక గెలాక్సీ హెచ్-ఆల్ఫా కాంతి సూర్యుని మొత్తం కాంతికి సుమారు 3.3 కోట్ల రెట్లు ఉంటే అక్కడ సంవత్సరానికి ఒక సౌర ద్రవ్యరాశి మేరకు నక్షత్రాలు పుడుతున్నట్లు లెక్క. ఇది గత కోటి సంవత్సరాల సంగతి మాత్రమే చెబుతుంది. అతినీలలోహిత కాంతి సుమారు 10 కోట్ల సంవత్సరాల సగటును తెలుపుతుంది. ఈ కాంతిని భూవాతావరణం అడ్డగిస్తుంది కనుక ఉపగ్రహాలు తప్పనిసరి. 2003 నుండి 2013 వరకు పనిచేసిన గెలెక్స్, 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఆస్ట్రోశాట్ ఇటువంటివి.

ధూళి

ఈ రెండు పద్ధతులకూ పెద్ద ఆటంకం ధూళి. నక్షత్రాలు పుట్టే మేఘాలలోనే ధూళి దట్టంగా ఉంటుంది. అది అతినీలలోహిత కాంతిని పీల్చుకొని వేడెక్కి, ఆ శక్తిని పరారుణ కిరణాలుగా విడుదల చేస్తుంది. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220 దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మామూలు దూరదర్శినిలో ఇది మసకగా కనబడే గెలాక్సీ. 1983లో ఐరాస్ ఉపగ్రహం పరారుణంలో చూడగా దీని ప్రకాశం లక్ష కోట్ల సూర్యులను మించినదని తేలింది. కెన్నికట్ సూత్రాన్ని వర్తింపజేస్తే సంవత్సరానికి 200 సౌర ద్రవ్యరాశులకు పైగా వస్తుంది. అయితే కేంద్రంలోని కృష్ణబిలం గానీ, ముసలి నక్షత్రాలు గానీ ధూళిని వేడి చేసినా పరారుణ కాంతి పెరుగుతుంది. ఆ భాగాన్ని విడదీయుట సులభం కాదు.

విశ్వ చరిత్ర విషయంలో కూడా ధూళి ఇటువంటి చిక్కే తెచ్చిపెట్టింది. 1996లో పియరో మడావ్ బృందం హబుల్ చిత్రాలలోని అతినీలలోహిత కాంతి ఆధారంగా ప్రాచీన విశ్వంలోని రేటును అంచనా వేసింది. 1998లో హవాయిలోని మాక్స్‌వెల్ దూరదర్శిని అదే ఆకాశ భాగాన్ని సబ్‌మిల్లీమీటరు తరంగాలలో పరిశీలించగా, ధూళి చాటున అంతకు కొన్ని రెట్లు నక్షత్రోత్పత్తి దాగి ఉన్నట్లు తెలిసింది. నేటి లెక్కల ప్రకారం ఈ రేటు సుమారు 1000 కోట్ల సంవత్సరాల క్రితం గరిష్ఠంగా ఉండి, తరువాత దాదాపు పదో వంతుకు తగ్గింది.

రేడియో తరంగాలు ధూళి గుండా సాగిపోతాయి. సూపర్‌నోవాల వల్ల వేగం పుంజుకున్న ఎలక్ట్రానులు వీటిని వెలువరిస్తాయి కనుక 1.4 గిగాహెర్ట్జ్ వద్ద కొలతలు తీసుకుంటారు.

చిన్న నక్షత్రాల లెక్క

కొలిచేది భారీ నక్షత్రాల కాంతినే అయినా, పుట్టే ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం చిన్న నక్షత్రాలదే. ఒక్కో భారీ నక్షత్రానికి ఎన్ని చిన్నవి పుడతాయో ముందుగా అనుకొని లెక్క కట్టాలి. 1955లో ఎడ్విన్ సాల్పీటర్ ఇచ్చిన పంపిణీని కెన్నికట్ వాడారు. తరువాత వచ్చిన క్రౌపా (2001), షాబ్రియే (2003) పంపిణీలలో చిన్న నక్షత్రాలు తక్కువ. వీటిని వాడితే అదే కాంతికి రేటు సుమారు మూడింట రెండు వంతులే వస్తుంది. అందుచేత రెండు పరిశోధనా పత్రాలలోని రేట్లను పోల్చేముందు అవి ఏ పంపిణీని అనుసరించాయో చూడవలసి ఉంటుంది.