మారిషస్ ఖజానా కథ: చెరకు, కుట్టు మిషన్లు, పోస్టు డబ్బా కంపెనీలు, చివరికి అప్పు

మారిషస్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండు. ఒకటి సముద్రం ఒడ్డున తీసిన సినిమా పాటలు. రెండోది షేర్ మార్కెట్ వార్తల్లో వినిపించే 'మారిషస్ రూటు'. ఈ రెండోదానికి మన నంద్యాలతో ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. ఆఫ్రికాలో బాగా నడిచే దేశం అని యాభై ఏళ్లు పేరు తెచ్చుకున్న ఈ ద్వీపం, ఇప్పుడు అప్పు గురించి, పింఛన్ల గురించి, లెక్కల్లో నిజం గురించి తన్నుకులాడుతోంది. ఇదంతా ఎలా జరిగిందో వరసగా చూద్దాం.

నంద్యాల జిల్లా కంటే చిన్న దేశం

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి ఏర్పడిన మన నంద్యాల జిల్లా 9,682 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ దేశం మొత్తం మన జిల్లాలో నాలుగో వంతు కూడా లేదు. జనాభా 12 లక్షల 60 వేల దరిదాపు. నంద్యాల జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారమే 17 లక్షలు దాటింది.

బ్రిటిష్ వాళ్లు బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటల్లో కూలీలు కావాల్సి వచ్చారు. 1834 నుంచి ఇండియా నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. మొత్తం నాలుగున్నర లక్షల మంది. అందులో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ 'కోరింగీలు' అనేవాళ్లు. ఉగాది ఇప్పటికీ అక్కడ ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు ఉంది, ఉర్దూ కూడా ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. జనాభాలో ముస్లింలు ఇంచుమించు ఆరో వంతు.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. 1992లో రిపబ్లిక్ అయింది. సైన్యం లేదు, పోలీసు దళాలే ఉన్నాయి. చమురు లేదు, గనులు లేవు. తినే తిండిలో నాలుగింట మూడొంతులు బయటి నుంచి రావాల్సిందే.

మొదటి ఆసరా: చెరకు

1960ల మొదట్లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త ఈ ద్వీపం పరిస్థితి చూసి, శాంతియుతంగా బాగుపడే అవకాశం తక్కువేనని రాశారు. జనం పెరుగుతున్నారు, చెరకు తప్ప పంట లేదు, పని లేదు. తర్వాత ఆయనకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. మారిషస్ విషయంలో మాత్రం ఆయన అంచనా తప్పింది.

1975లో యూరప్ దేశాలతో కుదిరిన చక్కెర ఒప్పందం దేశాన్ని నిలబెట్టింది. ఏటా ఐదు లక్షల టన్నులకు పైగా చక్కెరను యూరప్ హామీ ధరకు కొంటుంది. బయట మార్కెట్ పడిపోయినా ఆ ధర పడదు. మన దగ్గర రైతుకు మద్దతు ధర ఎలాగో, అక్కడ దేశం మొత్తానికీ అలా అన్నమాట. చక్కెర ఎగుమతి మీద, ముఖ్యంగా పెద్ద ఎస్టేట్ల మీద, ప్రభుత్వం పన్ను వేసి ఆ సొమ్ములో కొంత ప్రజల వైపు తిప్పింది. 1970ల చివరికి హైస్కూల్ చదువు ఉచితం అయింది. వృద్ధులందరికీ పింఛను అయితే 1958 నుంచే ఉంది.

కానీ ఆ ధర నిర్ణయించేది పోర్ట్ లూయిస్‌లో కాదు, బ్రసెల్స్‌లో. 2006 నుంచి 2009 లోపు యూరప్ దాన్ని 36 శాతం తగ్గించింది. ఒప్పందం కూడా ముగిసింది.

రెండో ఆసరా: కుట్టు మిషన్లు

1970లో ఎగుమతి పరిశ్రమల కోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. ముడిసరుకు మీద సుంకం లేదు, పన్నుల్లో రాయితీ. హాంకాంగ్ పెట్టుబడిదారులు వచ్చారు. ఎందుకొచ్చారు? అప్పట్లో బట్టల వ్యాపారంలో దేశానికింత అని కోటా ఉండేది. హాంకాంగ్ కోటా అయిపోతే, మారిషస్ పేరు మీద యూరప్‌కు, అమెరికాకు పంపొచ్చు. 1980ల్లో వేలాది ఆడవాళ్లు మొదటిసారి ఫ్యాక్టరీ జీతం చూశారు. దశాబ్దం మొదట్లో భారీగా ఉన్న నిరుద్యోగం చివరికొచ్చేసరికి దాదాపు మాయమైంది.

2005 జనవరి 1న ప్రపంచమంతా ఆ కోటాలు ఎత్తేశారు. చైనాతో, బంగ్లాదేశ్‌తో నేరుగా పోటీ పడాల్సి వచ్చింది. చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మళ్లీ అదే కథ. నిర్ణయం జరిగింది వేరేచోట, దెబ్బ తగిలింది ఇక్కడ.

మూడో ఆసరా: నంద్యాల ఎంపీ తెరిచిన తలుపు

భారత్, మారిషస్ మధ్య పన్ను ఒప్పందం 1982లో కుదిరింది. ఒకే ఆదాయం మీద రెండు దేశాలూ పన్ను వేయకుండా చూడటం దాని ఉద్దేశం. దాని ప్రకారం మారిషస్ కంపెనీ ఇండియాలో షేర్లు అమ్మి లాభం పొందితే, పన్ను వేసే హక్కు మారిషస్‌దే. మారిషస్‌లోనేమో అలాంటి లాభాల మీద పన్నే లేదు. అంటే రెండు చోట్లా సున్నా.

మొదటి పదేళ్లు ఈ ఒప్పందాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఎందుకంటే విదేశీ డబ్బు మన షేర్ మార్కెట్లోకి రావడానికి దారే లేదు. ఆ దారి తెరిచింది పి.వి.నరసింహారావు ప్రభుత్వం. 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కాదు. ఆ నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఐదు లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. నంద్యాల ఎంపీగా ఉండగానే, 1992 సెప్టెంబర్‌లో విదేశీ సంస్థలు మన షేర్లు కొనొచ్చని అనుమతి ఇచ్చారు.

అంతే, పాత ఒప్పందం బంగారు గని అయింది. లండన్, న్యూయార్క్ డబ్బు పోర్ట్ లూయిస్‌లో ఒక కంపెనీ రిజిస్టర్ చేసి, అక్కడి నుంచి ముంబై వచ్చేది. చాలా కంపెనీలకు అక్కడ ఉన్నది ఒక చిరునామా, ఒక పోస్టు డబ్బా మాత్రమే. మన సొమ్మే బయటికెళ్లి మారిషస్ చుట్టూ తిరిగి వస్తోందన్న ఆరోపణలూ వచ్చాయి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2003లో కోర్టు ఒప్పందం చెల్లుతుందనే తీర్పు ఇచ్చింది. 2000 సంవత్సరం నుంచి లెక్క కడితే మన దేశానికొచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిలో దాదాపు నాలుగో వంతు మారిషస్ పేరు మీదే ఉంది. ఆ ద్వీపంలో లాయర్లకు, అకౌంటెంట్లకు, బ్యాంకులకు చేతినిండా పని.

2016 మే 10న ఢిల్లీ ఆ ఒప్పందాన్ని సవరించింది. 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల లాభం మీద ఇండియాలో పన్ను కట్టాల్సిందే. మూడో ఆసరా కూడా అలా పలచబడింది.

ఇంటి లెక్కలు తప్పింది ఎక్కడ?

ఇంతవరకూ చెప్పినవి బయటి దెబ్బలు. చిన్న దేశానికి ఇవి తప్పవు. ఒక ఆసరా పోయేలోపు ఇంకోటి వెతుక్కోవడంలో మారిషస్ గట్టిదే. అసలు చిక్కు ఇంటి లోపల వచ్చింది.

*పింఛన్లు.* ఎన్నికలు వచ్చినప్పుడల్లా పింఛను వేలం పాట అయింది. 2014 ఎన్నికల తర్వాత 3,623 నుంచి ఒక్కసారిగా 5,000 మారిషస్ రూపాయలకు పెంచారు. 2019లో 13,500 చేస్తామని హామీ. మారిషస్ రూపాయి విలువ మన రూపాయికి రెట్టింపుకు దగ్గర. ఇవ్వడం తప్పని కాదు. ముసలివాళ్లకు అది బతుకు. కానీ అక్కడ పిల్లలు పుట్టడం తగ్గింది, ముసలివాళ్లు పెరిగారు. జీతం చేసేవాళ్లు తక్కువ, పింఛను తీసుకునేవాళ్లు ఎక్కువ అయితే ఖజానా ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

*సెంట్రల్ బ్యాంకు.* కరోనాతో టూరిజం ఆగిపోయింది. 2020లో బ్యాంక్ ఆఫ్ మారిషస్ ప్రభుత్వానికి 6,000 కోట్ల రూపాయలు గ్రాంటుగా ఇచ్చింది. అప్పు కాదు, తిరిగి ఇవ్వక్కర్లేని సొమ్ము. ఇంకో 8,000 కోట్లతో మారిషస్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ పెట్టి కంపెనీలను ఆదుకుంది. ధరలు అదుపులో ఉంచాల్సిన బ్యాంకు, కంపెనీల్లో వాటాదారు అయి కూర్చుంది. ఆ సంస్థను వదులుకోవాలని ఐఎంఎఫ్ 2021లోనే చెప్పింది.

*నిఘా.* 2020 ఫిబ్రవరిలో, మనీ లాండరింగ్ మీద అదుపు చాలడం లేదని ఎఫ్‌ఏటీఎఫ్ మారిషస్‌ను గ్రే లిస్టులో పెట్టింది. పరువు మీద బతికే ఆర్థిక కేంద్రానికి ఇది పెద్ద దెబ్బ. చట్టాలు బిగించి 2021 అక్టోబర్‌లో బయటపడింది. మధ్యలో, 2020 జులై 25న వాకాషియో అనే ఓడ పగడపు దిబ్బను ఢీకొంది. పన్నెండు రోజుల పాటు ఏమీ కాలేదన్నట్టు ఉండి, ఆ తర్వాత చమురు కారడం మొదలైంది. దాదాపు వెయ్యి టన్నులు సముద్రం పాలు. జనమే చెరకు ఆకులతో, గుడ్డలతో అడ్డుగట్టలు కుట్టి నీళ్లలోకి దిగారు. ఆ నెలాఖరులో రాజధానిలో వేల మంది వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం ఏం చేస్తోందన్నదే వాళ్ల ప్రశ్న.

రెండు కుటుంబాలు, ఒక అద్దం

స్వాతంత్ర్యం నుంచి ఇప్పటిదాకా ప్రధాని కుర్చీ ఎక్కువగా రెండు ఇళ్ల మధ్యే తిరిగింది. శివసాగర్ రామ్‌గులామ్, ఆయన కొడుకు నవీన్. అనిరుధ్ జగన్నాథ్, ఆయన కొడుకు ప్రవింద్. మధ్యలో 2003 నుంచి 2005 వరకు పాల్ బెరాంజే ఒక్కరే వేరు. 2017 జనవరిలో తండ్రి దిగిపోయి, ఎన్నిక లేకుండానే కొడుకు ప్రధాని అయ్యారు. ఇంటి రాజకీయం ఎలా ఉంటుందో ఆళ్లగడ్డ, నంద్యాల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అలాగని అక్కడ మంచి లేదని కాదు. 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు పౌరుల హక్కులకు చేటని రాష్ట్రపతి కాసిం ఉతీమ్ సంతకం పెట్టకుండా రాజీనామా చేశారు. మైనారిటీలు బొత్తిగా ఓడిపోకుండా, ఓడిన అభ్యర్థుల్లోంచి 8 మంది దాకా సభకు తీసుకునే 'బెస్ట్ లూజర్' పద్ధతి ఉంది. ముస్లింలకు, చైనీయులకు అది రక్షణ. అయితే దాని లెక్క ఇంకా 1972 జనగణన మీదే నడుస్తోంది. అభ్యర్థి తన మతం, వర్గం చెప్పి తీరాలనడం తప్పని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో చెప్పింది.

2024 అక్టోబర్‌లో ఫోన్ సంభాషణల టేపులు బయటపడ్డాయి. ఎన్నికల ముందు సోషల్ మీడియా ఆపేస్తామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, గోల లేచేసరికి వెనక్కి తీసుకుంది. నవంబర్ 10న జనం తీర్పు ఇచ్చారు. ప్రధాన ద్వీపంలోని 60 సీట్లూ నవీన్ రామ్‌గులామ్ కూటమికే.

కొత్త ప్రభుత్వం, పాత బిల్లు

గెలిచిన నెలలోపే కొత్త ప్రభుత్వం ఒక నివేదిక పెట్టింది. పాత ప్రభుత్వం చెప్పిన వృద్ధి, లోటు లెక్కలు ఉన్నదానికంటే బాగా కనిపించేలా చూపారని అందులో ఆరోపించింది. 2025 జనవరిలో మూడీస్ సంస్థ దేశం రేటింగ్ అంచనాను 'నెగెటివ్' చేసింది. అప్పు జీడీపీలో 90 శాతం దరిదాపుకు చేరింది.

2025 జూన్ బడ్జెట్‌లో అసలు చేదు మందు వచ్చింది. పింఛను వయసు 60 నుంచి దశలవారీగా 65కు పెంచుతామన్నారు. ఏడు నెలల కింద ఓట్లేసిన జనమే రోడ్డెక్కారు. అరవై ఏళ్లకు పింఛను వస్తుందని లెక్కలేసుకున్న కూలీకి, దర్జీకి ఆ ఐదేళ్లు చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అందరి చూపు చాగోస్ మీద. 2025 మే 22న బ్రిటన్ సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ఆ దీవులు మారిషస్‌వి అవుతాయి. డీగో గార్సియా స్థావరం 99 ఏళ్లు బ్రిటన్ దగ్గరే ఉంటుంది. దానికి ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు. అది అమలులోకి వస్తేనే ఆ డబ్బు. ఇదీ మళ్లీ బయటి నిర్ణయం మీద ఆధారపడ్డ ఆసరానే.

మనకేం సంబంధం?

2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. కేసీ కెనాల్ కింద వరి పండించే నంద్యాల, ఆళ్లగడ్డ రైతుకు అది రేటు పడిపోతుందేమోనన్న వార్త. మారిషస్‌కు అది అన్నం వార్త. తర్వాత ఆగస్టులో ఢిల్లీ ప్రత్యేకంగా 14,000 టన్నులు ఆ దేశానికి పంపడానికి ఒప్పుకుంది.

చక్కెర ధర, బట్టల కోటా, పన్ను ఒప్పందం, బియ్యం. వీటిలో ఏదీ మారిషస్ చేతిలో లేదు. చేతిలో ఉన్నవి వేరు: లెక్కలు నిజంగా రాయడం, బ్యాంకును ప్రభుత్వం జేబులో పెట్టుకోకపోవడం, ఇచ్చే పింఛనుకు డబ్బు ఎక్కడిదో ముందే చెప్పడం. మొదటి నలభై ఏళ్లు ఆ దేశం వీటిని చాలావరకు కాపాడుకుంది, అందుకే ఒక ఆసరా పోతే ఇంకోటి దొరికింది. తర్వాత అక్కడే సడలింది.

2022లో పుట్టిన జిల్లా మనది. మన పథకాల డబ్బూ అమరావతి నుంచో ఢిల్లీ నుంచో రావాల్సిందే. ఏ ఎన్నికలో ఏ పార్టీ ఎంత పింఛను అన్నా, ఓటరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఎంత ఇస్తారని కాదు, ఎన్నాళ్లు ఇవ్వగలరని.