మెట్టనేలకు పాలపేరు

ఓరుగల్లును విడిచి నైరృతిదిశగా జనగామసీమకు పోవు బాటసారికి మొదట కానవచ్చునది నేలయొక్క ఎరుపు. ఆ పిమ్మట తాటిచెట్లు, వాని నడుమ ఒకదానిపై నొకటిగా ఒరిగి నిలిచిన రాతిగుండ్లు, ఆ గుండ్లే పెరిగి గుట్టలైన చోటుల గుట్టల మొదట ఊళ్లు. పర్వతము లనుటకు తగినంత యెత్తు ఆ గుట్టలకు లేదు. ఎడారి యనుటకు తగినంత శుష్కత్వమును ఆ నేలకు లేదు. ఏటికి 800 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియును గాని, ఆ వానలో అధికభాగము నాలుగు నెలలలోనే, అందును లెక్కింపదగిన కొన్ని దినములలోనే కురిసి, పలుచని మట్టిపొరను కోసికొని వాలువెంట వెడలిపోవుటచే, తక్కిన ఎనిమిది నెలలును ఆ నేల దప్పిగొనియే యుండును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు ఇట్టి నేలలను అర్ధశుష్క ఉష్ణమండలమని పేర్కొని, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలను తమ పరిశోధనకు ఎన్నుకొనిరి. జనగామ రైతు దానినే చల్క యనియు, దుబ్బ యనియు పిలుచును.

అట్టి గుట్టమొదటి ఊరు పాలకుర్తి. నేడు జనగామ జిల్లాలో మండలకేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. పెద్దపల్లి జిల్లాలో ఇదే పేరుగల వేరొక ఊరు కలదు. మనకు దానితో పనిలేదు.

ఇంత యెండిననేలకు పాలపేరు ఎట్లు వచ్చినదని అడిగినచో ఊరివారు గుట్టను చూపుదురు. గుట్టమీద సహజముగ నేర్పడిన గుహలలో సోమేశ్వరుడును లక్ష్మీనరసింహుడును వెలసియున్నారు. ఆ గుట్టకు క్షీరగిరి యని పేరు. ప్రదక్షిణము చేయజాలని ఒక వృద్ధురాలి నిమిత్తము కొండయే చీలి దారి యిచ్చినదని చెప్పుకొందురు. కథ చక్కనిదే, చీలికయు కన్నులయెదుట నున్నది. కాని క్షీరగిరి యను మాట, ఊరిపేరు స్థిరపడిన పిమ్మట దానిని సంస్కృతీకరించిన పండితుని చేతిపని యనియే నా తలంపు. ఊరిపేరునకు ప్రాచీనరూపము పాల్కురికి. కల్వకుర్తి మొదలగు పేళ్లయందు ‘కుర్తి’ కానవచ్చుచున్నందున చివరిభాగము ఊళ్లపేళ్లకు పరిపాటియైనదే. మొదటిభాగమైన ‘పాలు’ మాత్రము తెలుగున రెండర్థములనిచ్చును: ఒకటి క్షీరము, రెండవది వాటా. పేరు ఏ యర్థమున పుట్టినను, ఈ యూరి చరిత్రను నడపినది రెండవ యర్థమే.

ఏలయన, గుట్టమొదట ఊరు పుట్టుటకు కారణము గుట్టవాలుననే యున్నది. రాతిపై పడిన వాన ఇంకక జారును. జారు నీటికి అడ్డముగా కట్ట వేసినచో చెరువగును, చెరువు క్రింద నాలుగు మళ్లు పండును, మళ్లవెంట ఇండ్లు లేచును. కాకతీయుల కాలమున ఈ విద్య తెలుగునేలపై పరాకాష్ఠ నొందెను. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన తటాకపు శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపు ప్రధానాధారములలో ఒకటి. భూపాలపల్లి జిల్లాలోని గణపురమున గణపసముద్రము నేటికిని నిండుచున్నది. అవి అడవిప్రక్క సీమలు, అచట తటాకములు సముద్రనామములు ధరించినవి. జనగామవైపున అడవి లేదు, వాగులకు బలము లేదు. కావున ఇచట కుంటలును చిన్నచెరువులును, వానిలోని నీటిని ఎవరు ఎంత పంచుకొనవలెనను తగవులును మిగిలినవి. నిజాము కాలపు లెక్కలలో తరి (మాగాణి), ఖుష్కి (మెట్ట) యని నేల రెండుగా చీలినది. ఆ రెండు మాటలలోనే రైతు కలిమిలేములు ఇమిడియుండెను.

ఈ యూరే శివకవియైన పాల్కురికి సోమనాథునకు ఇంటిపేరును ప్రసాదించినది. బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును రచించిన యీ మహాకవి, పండితులు మెచ్చు వృత్తములను ప్రక్కకు నెట్టి, పదిమంది కూర్చుండి పాడుకొనదగిన ద్విపదను చేపట్టి, జానుతెనుగును గ్రంథములకెక్కించెను. తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు, నివాళిపదములు ఆనాడు జనుల నోళ్లలో నాడుచుండెనని మనకు తెలియుట ఆయన చలువయే. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు బసవపురాణమును పరిష్కరించి ప్రకటించునంతవరకు ఆధునిక పాఠకలోకమునకు ఆయన గొప్పతనము ఉన్నంతగా తెలియనేలేదు. ఆ పురాణమున భక్తులెవరు? కుమ్మర గుండయ్య, బట్టలుదుకు మడివాలు మాచయ్య. రాజులు వీరియెదుట తలవంచి నిలుతురు. మాచయ్య పేరు ఇచట ప్రత్యేకించి జ్ఞాపకముంచుకొనదగినది.

మండలములోనే బమ్మెర కలదు. భాగవతకవి పోతన ఆ యూరివాడనియు, కవిత్వముతోపాటు సేద్యము చేసినాడనియు సీమయంతట ప్రతీతి. 

సోమనాథుని పిమ్మట శతాబ్దములు గతించి నిజాము పాలన కడపటి యేండ్లు వచ్చినవి. పాలకుర్తి అప్పటికి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. చుట్టునున్న ఊళ్లు విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి చెప్పుచేతలలో నుండెను. ఆయన భూమి 40,000 ఎకరములని ఉద్యమకారులు లెక్కగట్టిరి. రాయపర్తి చెంతనున్న కృష్ణాపురమున పుట్టి పాలకుర్తికి కోడలై వచ్చిన చిట్యాల ఐలమ్మ, చాకలి యిల్లాలు, మల్లంపల్లి దొరవద్ద భూమిని కౌలునకు తీసికొని అందు నాలుగెకరములు సాగుచేసెను. వెట్టి చేయవలసిన కులపుటాడుది కౌలుదారై మడికట్టుపై నిలుచుట దేశముఖు గడికి సహింపరానిదయ్యెను. ఆమె ఆంధ్రమహాసభలో చేరుటతో పగ ముదిరెను. పంట పక్వమునకు రాగా దేశముఖు మనుష్యులు కొడవళ్లతో దిగిరి. మహాసభ సంఘమువారు వారిని తరిమి, ఆ ధాన్యమును ఐలమ్మ ఇంటికి చేర్చిరి. నాలుగెకరముల వడ్లకై ఇంత పోరా యని మాగాణిసీమవారికి తోపవచ్చును. ఖుష్కి నడుమ తరియన నేమో ఎరిగినవారికి ఆ సందేహము కలుగదు. పిమ్మట ఆమె యిల్లు తగులబెట్టబడెను. 1946 జూలై 4న సమీపమునందలి కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు కూలుటతో ఊళ్ల తగవు తెలంగాణ పోరాటమయ్యెను. మడివాలు మాచయ్యను వీరునిగా నిలిపిన కవియూరిలోనే ఈ చాకలి యిల్లాలు బ్రదికి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను.

నేడు ఏటూరునాగారమువైపున గంగారమువద్ద గోదావరిని ఎత్తి, దేవాదుల పథకపు గొట్టములగుండ ఈ మెట్టసీమకు తెచ్చుచున్నారు. పల్లమునకు పారుట నీటి ధర్మమైనను ఇచట అది మిట్టకెక్కుచున్నది. చల్కలలో జొన్న తగ్గి ప్రత్తి పెరిగినది. మోటబావులు బోరులకు చోటిచ్చినవి. శివరాత్రికి గుట్టనెక్కినవారు స్వామిదర్శనమైన పిమ్మట ఒక్కక్షణము క్రిందికి చూచి నీటిజాడ వెదకుదురు. వానకారున ఒక యూరివాడు పొరుగూరివానికి బస్సులో ఎదురైనచో, కుశలప్రశ్నకంటె ముందు వాని నోట వెలువడునది, “మీ చెరువు మత్తడి దుంకిందా?” యన్నదే.