ఎవరిదో తేలని చౌకు: వహాకా సోకలోలో సందడి, నిరసన

మెక్సికో దక్షిణ భాగంలోని వహాకా నగరంలో నడిబొడ్డున ఉన్న చౌకును స్థానికులు సోకలో అంటారు. దీని గురించి వచ్చిన రచనలను స్థూలంగా రెండు అరల్లో సర్దవచ్చు. మొదటి అరలో పర్యాటక సాహిత్యం ఉంటుంది: చెట్ల నీడ, బ్యాండు మేళం, కమానుల కింద కాఫీ. రెండో అరలో ఉద్యమ సాహిత్యం: గుడారాలు, బాష్పవాయువు, 2006 సంవత్సరం. మొదటి రకం రచయితలకు గుడారాలు దృశ్యాన్ని చెడగొట్టే అడ్డు. రెండో రకం వారికి బ్యాండు మేళం అసలు సంగతిని కప్పిపుచ్చే అలంకారం. ఈ విభజనతోనే నాకు పేచీ. సోకలోలోని సందడీ, నిరసనా ఒకే కారణం నుంచి పుట్టాయనీ, ఆ చౌకు ఎవరిదో ఏనాడూ తేలకపోవడమే ఆ కారణమనీ ఈ వ్యాసంలో వాదిస్తాను.

గీత ముందు, చట్టం తర్వాత

1529లో అలోన్సో గార్సియా బ్రావో ఇక్కడ వీధులను గళ్లు గళ్లుగా కొలిచి, నడిమి గడిని ఖాళీగా వదిలాడు. మెక్సికో నగర కేంద్రానికి రూపురేఖలు గీసింది కూడా అతనే. అదే ఏడాది స్పెయిన్ రాజు, మెక్సికోను జయించిన ఎర్నాన్ కోర్తెస్‌కు వహాకా లోయ మార్క్విస్ బిరుదునూ, దానితో పాటు విస్తారమైన భూములనూ ఇచ్చాడు. ఊరు పుడుతూనే హద్దు తగాదాతో పుట్టిందన్నమాట. పట్టణం రాజుది, చుట్టూ ఉన్న నేల చాలావరకు కోర్తెస్‌ది. అప్పట్లో అంతెకేరా అనే పేరున్న ఈ ఊరికి 1532లో నగర హోదా దక్కింది గాని, పక్కకు జరిగే చోటు మాత్రం దక్కలేదు.

స్పానిష్ అమెరికా చౌకుల గురించి రాసేవారు తరచూ రెండో ఫిలిప్ 1573లో జారీ చేసిన నగర నిర్మాణ ఆజ్ఞలను మూలంగా చూపిస్తారు. వాటి ప్రకారం చౌకు పొడవు వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 200 అడుగుల వెడల్పు, 300 అడుగుల పొడవుకు తగ్గకూడదు. 532, 800 అడుగులకు మించకూడదు. చుట్టూ వర్తకుల సౌకర్యం కోసం కమానుల వసారాలు కట్టాలి. వహాకా చౌకుకు ఈ ఆజ్ఞల కంటే 44 ఏళ్లు ఎక్కువ వయసు. పైగా అది ఇంచుమించు చదరం. అంటే జనం అప్పటికే చేస్తున్న పనిని రాజు తర్వాత కాగితం మీద పెట్టాడు, అదీ కొలతలు కాస్త మార్చి. కారణాన్ని చట్టంలో వెతకడం ఇక్కడ వెనక్కి నడవడమే.

మరి స్థానిక మూలాల సంగతి? నగరానికి పక్కనే కొండ మీద మోంతే అల్బాన్ శిథిలాలున్నాయి. జాపోటెక్ జనం క్రీ.పూ. 500 ప్రాంతం నుంచి ఆ కొండ నెత్తిని చదును చేసి, దాదాపు 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పున్న బయలును తీర్చిదిద్దారు. స్పానిష్ అమెరికా చౌకులో యూరపు పాలు ఎంతో, స్పెయిన్ రాకకు ముందరి అమెరికా పాలు కూడా అంత ఉందని మానవశాస్త్రవేత్త సేతా లో వాదించారు. ఆ వాదనలో సగం నాకు సమ్మతం. మోంతే అల్బాన్ స్పానిష్ వారు వచ్చేనాటికి శతాబ్దాలుగా పాడుపడి ఉంది కాబట్టి దాని బయలు నుంచి ఈ చౌకుకు నేరుగా వారసత్వం చూపలేం. ఆరుబయట సంత పెట్టి, అక్కడే కొనుగోళ్లతో పాటు ఊరి వ్యవహారాలు చూసుకునే అలవాటు మాత్రం తెగకుండా వచ్చింది. నా దృష్టిలో రాళ్ల కంటే ఆ అలవాటే బలమైన సాక్ష్యం.

వలస పాలన కాలమంతా ఈ చౌకు మట్టి నేలే. 1739లో ఒక పాలరాతి ఫౌంటెన్ వచ్చింది. 1857లో దాన్ని తీసేసి బ్యాండు మంటపం కట్టి, చెట్లు నాటారు. 1885లో మెక్సికో మాజీ అధ్యక్షుడు బెనీతో హ్వారెస్ విగ్రహం, 1901లో కొత్త మంటపం, 1967లో ఇప్పుడున్న మంటపం. ఎవరి చేతికి అధికారం వచ్చినా ఈ గడి మీద ఒక చెయ్యి వేయకుండా ఉండలేదు. ఈ క్రమంలోనే సంతను ఒక వీధి దక్షిణానికి, కప్పు కింద కట్టిన మార్కెట్టులోకి తరలించారు. అమ్మేవాళ్లు మాత్రం పూర్తిగా తరలిపోలేదు.

కూర్చునే చోటుకు ధర

ఉత్తరాన ఉన్న కెథడ్రల్ తన ప్రక్కను చౌకుకు చూపించి, ముఖాన్ని పడమటి వైపు అలమేదా దె లియోన్ తోట మీదికి తిప్పుకుని ఉంటుంది. లేత ఆకుపచ్చ రాయి, వెడల్పుకు తగని పొట్టి గోపురాలు. ఆ పొట్టితనానికి కారణం భూకంపాలు. 1931 జనవరిలో వచ్చిన భూకంపం నగరాన్ని కూల్చినప్పుడు, సినిమా తీయడానికి మెక్సికో వచ్చి ఉన్న సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టయిన్ హుటాహుటిన వచ్చి ఆ శిథిలాలను చిత్రీకరించాడు. దక్షిణాన ప్రభుత్వ భవనం. దాని మెట్ల గోడల మీద, ఫ్రీదా కాలో శిష్యుడు ఆర్తురో గార్సియా బుస్తోస్ గీసిన వహాకా చరిత్ర. గుడికీ ప్రభుత్వానికీ మధ్య మిగిలిన రెండు పక్కలా కమానుల వసారాలు, వాటి కింద కాఫీ బల్లలు.

కమాను కింద కుర్చీకి ఒక కాఫీ ధర చెల్లించాలి. చెట్టు కింద ఇనుప బెంచీకి ఏమీ అక్కర్లేదు. బయటినుంచి చూస్తే ఇదొక అంతస్తుల అమరికలా ఉంటుంది. కానీ అది నిలకడగా ఉండదు. కాఫీ బల్ల దగ్గరికి పావుగంటలోపే నేత శాలువలు, చెక్క చెంచాలు, ఉప్పూకారం పట్టించి వేయించిన చపులినెస్ మిడతలు వచ్చేస్తాయి. డబ్బిచ్చి కొనుక్కున్న ఏకాంతం ఇక్కడ చెల్లదు. బూట్లు పాలిష్ చేసేవారు తమ గొడుగు కుర్చీలతో మూలమూలనా ఉంటారు. పిల్లలు పొడుగాటి బుడగలను ఆకాశంలోకి విసిరి పట్టుకుంటూ ఉంటారు. 1868లో ఏర్పడ్డ రాష్ట్ర బ్యాండు మంటపం దగ్గర వాయిస్తుంటే, టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్లు ముందు వరస కుర్చీలు వదలరు. అదే ఏడాది మాసెదోనియో అల్కలా కట్టిన "దియోస్ నుంకా ముయెరే" వాల్ట్జ్ మొదలైతే జనం లేచి నిలబడతారు. వహాకా వారికి అదే రాష్ట్రగీతం లాంటిది.

పెద్ద చెట్ల సంగతి తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. స్థానికులు వాటిని "ఇండియా లారెల్" అంటారు. నిజానికి అది లారెల్ కాదు, ఫైకస్ మైక్రోకార్పా. మన జువ్వి, మర్రిల కుటుంబం. ఆసియా నుంచి వెళ్లిన జాతి, మెక్సికో చౌకులు చాలావాటికి ఇప్పుడు నీడనిస్తోంది. నిరసనకు దిగే ఉపాధ్యాయులు గుడారాల తాళ్లు కట్టేదీ వీటికే.

ఇక్కడి పండుగల్లో నా వాదనకు బాగా పనికొచ్చేది ముల్లంగి రాత్రి. ఏటా డిసెంబరు 23న తోటమాలులు పెద్ద పెద్ద ఎర్ర ముల్లంగులను చెక్కి సోకలోలో ప్రదర్శనకు పెడతారు: పశువుల పాక, ఏసు జననం, పెళ్లి ఊరేగింపు, కొన్నిసార్లు కెథడ్రలే. ఇవి తినే ముల్లంగులు కావు. ప్రత్యేకంగా సాగుచేసి, మామూలు కంటే చాలా ఎక్కువ కాలం భూమిలో ఉంచి లావెక్కించినవి. గాలి తగిలిన కొన్ని గంటలకే వాడిపోతాయి కాబట్టి పక్కన నిలబడి నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. చూసేవారి వరస చౌకు చుట్టూ తిరుగుతుంది. క్రిస్మస్ ముందటి సంతలో కూరగాయలు అమ్మేవాళ్లు కొనుగోలుదారుల కన్ను పడాలని ముల్లంగులను చెక్కి పెట్టేవారు. 1897లో మేయర్ ఫ్రాన్సిస్కో వాస్కోన్సెలోస్ దాన్ని అధికారిక పోటీగా మార్చాడు. అంటే సంతను పక్కకు తోసిన కాలంలోనే నగరపాలన ఆ సంత చమత్కారాన్ని పండుగగా తిరిగి తెచ్చుకుంది. అమ్మేవాడు వద్దు, అతని నేర్పు కావాలి. ఈ ద్వంద్వం తర్వాతి వందేళ్లలోనూ పోలేదు.

గవర్నరు వెళ్లిపోయిన భవనం

2002లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ సోకలో కమానుల కింద దుకాణం తెరవాలనుకుంది. చిత్రకారుడు ఫ్రాన్సిస్కో తోలేదో, ఆయన నడిపిన వారసత్వ పరిరక్షణ సంఘం కలిసి సంతకాలు సేకరించి, చౌకులోనే జనానికి ఉచితంగా తమాలెస్ వడ్డించి నిరసన తెలిపారు. ఏడాది ముగిసేలోగా నగరపాలన అనుమతి నిరాకరించింది. దీన్ని స్థానిక వంటకం బహుళజాతి సంస్థను ఓడించిన కథగా చెప్పుకోవడం బాగుంటుంది గాని, నాకు అందులో ముఖ్యంగా కనిపించేది వేరు. 1987లో యునెస్కో ఈ నగర కేంద్రాన్నీ మోంతే అల్బాన్‌నూ కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. చౌకులో ఏది ఉండకూడదో చెప్పే భాష ఆ తర్వాత అందరికీ అందుబాటులోకి వచ్చింది. తోలేదో దాన్ని సంస్థ మీద వాడాడు. అదే భాషను మరికొందరు వీధి వ్యాపారుల మీదా, గుడారాల మీదా వాడారు.

2005లో గవర్నర్ ఉలిసెస్ రూయిస్ ప్రభుత్వం సోకలోను తవ్వి పునర్నిర్మించింది. కొన్ని పాత చెట్లు నరికారు. తోలేదో సహా చాలామంది వీధిలోకి వచ్చారు. అదే ఏడాది గవర్నరు కార్యాలయాన్ని చౌకు నుంచి తరలించి, దక్షిణం వైపు భవనాన్ని మ్యూజియం చేశారు. ఉద్దేశం సామాన్యమైనదే కావచ్చు: అధికారం అక్కడ లేకపోతే అర్జీదారులకూ అక్కడ పని ఉండదు. ఈ తర్కం ఒక్క సంవత్సరం కూడా నిలవలేదు.

2006 మే 22న ఉపాధ్యాయ సంఘం 22వ విభాగం సోకలోలో బైఠాయించింది. దాదాపు 70,000 మంది సభ్యులున్న ఈ విభాగానికి జీతాల డిమాండ్లతో మే నెలలో చౌకును ఆక్రమించడం ఏళ్లనాటి అలవాటు. మెక్సికోలో ఉపాధ్యాయ దినోత్సవం మే 15న వస్తుంది. ఆ ఏడు జూన్ 14 తెల్లవారుజామున పోలీసులు దాడి చేశారు. హెలికాప్టర్ నుంచి బాష్పవాయువు గుండ్లు పడ్డాయి. ఉపాధ్యాయుల రేడియోను ధ్వంసం చేశారు. కొన్ని గంటల్లోనే ఉపాధ్యాయులు తిరిగి చౌకును పట్టుకున్నారు. మరో మూడు రోజులకు వందలాది సంఘాలతో వహాకా ప్రజల జనసభ, అంటే ఆప్పో, ఏర్పడింది. జీతాల డిమాండు గవర్నరు రాజీనామా డిమాండుగా మారింది. అక్టోబరు 29న ఫెడరల్ పోలీసులు నగరంలోకి వచ్చేదాకా చౌకు వారి చేతుల్లోనే ఉంది.

గవర్నరు లేని భవనం ఎదుట గవర్నరు దిగిపోవాలని కూర్చున్నారంటే, ఆ స్థలానికి విలువ భవనంలో కూర్చున్న మనిషి వల్ల రాలేదని అర్థం. వహాకా రాష్ట్రంలో 570 మునిసిపాలిటీలున్నాయి. మెక్సికోలో ఏ రాష్ట్రానికీ ఇన్ని లేవు. నాలుగు వందలకు పైగా చోట్ల పాలకులను పార్టీలు కాక, గ్రామసభల ఆనవాయితీ ఎంచుకుంటుంది. కొండల్లోని ఊరి సభ తన తగాదాను తన చౌకులో అందరి కళ్లముందు తేల్చుకుంటుంది. ఆ ఊరి మనిషి రాష్ట్ర రాజధాని అయిన ఈ నగరానికి వస్తే సహజంగా వెతికేది ఊరి చౌకు లాంటి చోటునే, నగర శివార్లలోని కార్యాలయ సముదాయాన్ని కాదు. ఆదివారం బ్యాండు వినడానికి వచ్చేదీ, బుడగ కొనేదీ, బైఠాయించేదీ ఇదే నమ్మకంతో: ఇక్కడ కనబడితే ఊరందరికీ కనబడినట్టే.

ఒకే మనిషి, మూడు దస్త్రాలు

2010 ఆగస్టు నుంచి త్రికి ఆదివాసీ స్త్రీలు ప్రభుత్వ భవనం వసారాలో మకాం పెట్టారు. వారి ఊరు సాన్ హువాన్ కోపాలా. 2007లో స్వయంపాలన ప్రకటించుకున్న ఆ ఊరు సాయుధ ముఠాల దాడులకు గురై ఖాళీ అయింది. 2010 అక్టోబరులో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ వారికి రక్షణ కల్పించమని మెక్సికో ప్రభుత్వాన్ని కోరింది. ఎర్రటి నేత ఉయిపిల్ అంగీలు వేసుకుని, బిడ్డలను పక్కన పెట్టుకుని, నడుముకు కట్టుకునే మగ్గం మీద నేసిన బట్టలను అక్కడే అమ్ముతూ వాళ్లు బతికారు.

ఈ స్త్రీలను ఏమని లెక్కించాలి? మానవ హక్కుల దస్త్రంలో వాళ్లు నిర్వాసితులు. నగరపాలన దస్త్రంలో అనుమతి లేని వీధి వ్యాపారులు. పర్యాటకుడి కెమెరాలో వహాకా సంస్కృతి. ఏ పేరు రాస్తే ఆ శాఖ కదులుతుంది: మొదటిదైతే రాష్ట్ర ప్రభుత్వం చర్చలకు రావాలి, రెండోదైతే మునిసిపల్ సిబ్బంది ఖాళీ చేయించవచ్చు, మూడోదైతే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. బట్టలు అమ్మడం మానేస్తే పూట గడవదు. అమ్మితే నిర్వాసితుల వాదన పలచబడుతుందని అధికారులకు ఒక సాకు దొరుకుతుంది. సోకలోను ఖాళీ చేయించాలనుకునేవారు మొదట వాడే ఆయుధం లాఠీ కాదు, ఈ వర్గీకరణే. పరిశోధకులం కూడా పర్యాటకానికి ఒక వ్యాసం, ఉద్యమానికి మరో వ్యాసం రాసి, తెలియకుండానే ఆ వర్గీకరణకు సాయపడుతున్నాం.