అనుమానం: పొగ నుంచి పాలగిన్నె దాకా

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చుకోవడమే తర్కశాస్త్రంలో అనుమానం. ‘అను’ అంటే వెంబడి, ‘మానం’ అంటే కొలత. చూసినదాని వెంట పుట్టే జ్ఞానమన్నమాట. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో దీన్ని నాలుగు ప్రమాణాల్లో, అంటే సరైన జ్ఞానానికి దారుల్లో, ఒకటిగా చెప్పాడు.

ప్రత్యక్షాన్నే నమ్మిన ప్రాచీన చార్వాకులు అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకోలేదు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని అన్ని చోట్లా, అన్ని కాలాల్లోనూ ఎవరు చూశారు? చూడనిదాన్ని మళ్లీ అనుమానంతోనే నిరూపించబోతే, తేల్చాల్సినదాన్నే ఆధారం చేసుకున్నట్టు. ఎంత పదునైన ప్రశ్న!

తెలుగులో ఆ ప్రమాణమే శంకగా మారింది. పత్రికల్లో ‘అనుమానాస్పద మృతి’, ఇళ్లలో ‘అనుమానం పెనుభూతం’.

అయినా పాత అర్థం పూర్తిగా చెరిగిపోలేదు. పాలు వాసన చూసి, ‘విరుగుతాయేమోనని అనుమానం’ అంటూ అమ్మ కాసిని చిన్న గిన్నెలో వేరుగా కాస్తుంది. పులిసిన వాసనతో విరుపును పసిగట్టడం తర్కం, కాచి చూడటం సందేహం. మిగతా పాలు అప్పటిదాకా పొయ్యెక్కవు.